చప్పుడు చేయని బండి

మా ఇమాంబీ అత్త ఇక లేదు. ఈ మాట రాయడానికి పొద్దుటి నుంచి కాగితం ముందు కూర్చున్నాను. రాసిన తరువాత కూడా అది నిజమని నా చేతికి తెలిసిందే తప్ప నా మనసుకు ఇంకా తెలియలేదు.

పెబ్బేరు సంత రోజున, వనపర్తిలో మా అమ్మ బియ్యం కడుగుతుండగా ఫోన్ మోగింది. అవతల హుసేనప్ప మామ. మా అమ్మకు అన్న, ఇమాంబీ అత్తకు భర్త. "చెల్లే, మీ వదినె గడప మీద కూసున్నది కూసున్నట్టే ఉంది. పిలిస్తే పలుకుత లేదు. నువ్వొచ్చి జర పిలువు" అన్నాడు. మేము పోయేసరికి దవాఖానలో అంతా అయిపోయిందని చెప్పారు. గుండె ఆగిందన్నారు. ఆగిపోయిన ప్రతి వస్తువునూ ఏదో ఒకటి చేసి మళ్లీ నడిపించిన మనిషి, తన విషయంలో మాత్రం ఎవరికీ ఆ అవకాశం ఇవ్వకుండా వెళ్లిపోయింది.

గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఈ వ్యాసం చదివేవాళ్లలో చాలామందికి ఆమె పేరు తెలియకపోవచ్చు. కానీ ఆమె చేతి పని తెలుసు. పసుపు పచ్చ చిన్న బస్సులో వచ్చి, మీ పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చిపోయిన దూదేకుల ఆమె గుర్తుందా? నోట్లో సూది పట్టుకుని కూడా మాట్లాడగలిగే ఆమె? ఆమే మా అత్త. ఆ బస్సు ఆమె దుకాణమే కాదు, ఆమె ఇల్లు కూడా. వంట అందులోనే, నమాజు అందులోనే, పండుకోవడం అందులోనే.

ఏదో బడి పిల్లలను మోసి మోసి అలసిపోయిన బస్సు అది. ముందు రెండు సీట్లు ఉంచి మిగతావి తీసేశారు. వెనక ఏకే మిషను, దాని ముందు దూది మూటలు, ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క నీళ్ల డ్రమ్ము, మధ్యలో ఇద్దరు పండుకునేంత చోటు. ఎక్కే దగ్గర మాత్రం ఏ బస్సుకూ ఉండని ఒక వస్తువు ఉండేది: టేకు చెక్క గడప. తెలియక ఎక్కిన ప్రతివారూ దానికి తట్టుకుని లోపలికి పడేవారు. మామ నెలకొకసారైనా దాన్ని పీకేస్తానని లేచేవాడు.

"బస్సుకు గడపేందే? నవ్వుతున్రు అందరు."

"నవ్వనియ్యి. గడప లేకుంటే అది ఇల్లెట్లయితది? గ్యారేజీ అయితది."

గడప మీద కూర్చోవద్దని మా అమ్మ ఎన్నిసార్లు కోప్పడ్డా అత్త వినలేదు. "నా ఇంట్ల కుర్చీ అదే, కూసోకేం చేయాలె?" అనేది. చివరికి ఆ గడప మీదే పోయింది.

ఆ చెక్క ఎక్కడిదో చెబితే ఆమె కథ చాలావరకు చెప్పినట్టే. అయిజ వైపు ఒక పల్లెలో వాళ్లకొక మట్టి మిద్దె ఉండేది. ఒక ఏడాది ముసురు పట్టి, నాని నాని, తెల్లవారుజామున పక్క గోడ కూలింది. గోడ వారన పండుకున్న వాళ్ల ఒక్కగానొక్క కొడుకు మస్తాన్ దాని కింద పడ్డాడు. అప్పుడప్పుడే బడికి పోతున్న పిల్లవాడు. పక్కనే పండుకున్న మామకు చిన్న గాయం కూడా కాలేదు. ఆ ఇంటిలో మిగిలింది ఆ గడప ఒక్కటే. అత్త దాన్ని వదలలేదు.

మామకు ఆనాటి నుంచి నిద్ర కరువైంది. గోడలున్న ఏ ఇంట్లో పండుకున్నా లేచి కూర్చుని, గోడ మీద చెయ్యి ఆనించి తడి చూసేవాడట. ఎండాకాలంలో కూడా. హకీంలు, దవాఖానలు, దర్గాలు అన్నీ అయ్యాయి. మనిషి రోజురోజుకూ ఎండిపోయాడు. అత్తకు కొడుకు పోయిన దుఃఖం పక్కన పెట్టి భర్త నిద్ర వెతకడమే పని అయింది. తరువాత ఆమె చేసిన ప్రతి పనికీ, వేసిన ప్రతి కుట్టుకూ అదే మూలమని నా నమ్మకం.

ఆ నిద్ర ఆమెకు ఒక బస్సులో దొరికింది. ఇద్దరూ వనపర్తి నుంచి కోడేరు వైపు చుట్టాల పెళ్లికి పోతున్నారు. బస్సు కదిలిన కాసేపటికి మామ తల అత్త భుజం మీద వాలింది. గురక కూడా మొదలైంది. దిగవలసిన ఊరు వచ్చింది. కండక్టరు "దిగుండ్రి, దిగుండ్రి" అంటున్నాడు. అత్త కదలలేదు.

"ఏమ్మా, మీ ఊరే గద ఇది?"

"మెల్లగ మాట్లాడు సారూ. ఈ బస్సు యాడిదాంక పోతది?"

"ఇంక శానా దూరం పోతది."

"పోనియ్యి మల్ల. టికెట్టు కొట్టు, ఆయనను మాత్రం లేపకు."

పెళ్లి తప్పిపోయింది. చుట్టాలు చాలా కాలం మాట్లాడలేదు. కానీ అత్త మాత్రం ఆ సాయంత్రమే నిర్ణయించుకుందట, గోడలున్న ఇల్లు ఇక తమకు వద్దని. ఉన్నదంతా ఊడ్చి ఆ పాత బస్సు కొన్నారు. మామ బండి నడపడం నేర్చుకున్నాడు. ఇంటికి గోడ ఉండదు, ఇనుప రేకు ఉంటుంది, రేకు నానదు కదా అని ఆమె లెక్క. ముంగిట్లో ముగ్గు వేసుకుని, వంటింటి కిటికీలోంచి పక్కింటి ఆమెతో మాట్లాడే బతుకంటే ఆమెకు ఎంత ఇష్టమో మా అమ్మకు తెలుసు. ఆ ఇష్టాన్ని మామ ముందు ఒక్కనాడూ నోరు తెరిచి చెప్పలేదు. గడప చెక్క ఒక్కటి బిగించుకుంది, అంతే.

డిగ్రీ పరీక్షలు రాసిన ఎండాకాలం నేను వాళ్లతో కొన్ని వారాలు ఆ బస్సులో తిరిగాను. నలుగురిలో నోరు విప్పలేని నన్ను బాగు చేస్తానని అత్త నన్ను తీసుకుపోయింది. "ఈ పిల్ల నోట్ల ఒక మాట పుట్టాలంటే మబ్బు పట్టాలె, ఉరమాలె, మెరవాలె. అప్పుడు కూడా నాలుగు చినుకులే" అని ప్రతి ఊళ్లో నన్ను పరిచయం చేసేది. నన్ను మాట్లాడించడం ఆమె వల్ల కాలేదు. కానీ నేను చూడడం, వినడం నేర్చుకున్నది అక్కడే.

ముందుగా గమనించింది చప్పుడు. అంత పాత బండి, అన్ని గిన్నెలు, అన్ని రేకులు. గుంతల రోడ్డు మీద పోతుంటే లోపల ఒక్క గిన్నె మోగదు, ఒక్క అద్దం అదరదు. ఇంజను రొద తప్ప మరో చప్పుడు లేదు. చెంబులకూ గిన్నెలకూ మధ్య దూది మెత్తలు. కిటికీ అద్దాల సందుల్లో ఏకిన దూది బిగించి, పైన గుడ్డ కుట్టిన పట్టీలు. తలుపు గడియకు పాత కంబళి తొడుగు. నీళ్ల చెంబుకు కూడా ఒక అంగీ. ఎక్కడైనా కొత్తగా 'కిర్' మన్నదో, అత్త చెవి అటు తిరిగేది. బండి ఆగగానే చేతిలో సూది, ఒడిలో పిడికెడు దూది, నోట్లో మైనం పూసిన దారం. ఆమె దగ్గర స్పానర్లు లేవని కాదు. వాటిని తీయవలసి వస్తే ఓడిపోయినట్టు భావించేది. "ముందుగాల కుట్టి చూడాలె. కుట్టుకు లొంగకుంటే అప్పుడు ఇనుము" అనేది.

"రేకు గూడ కుడ్తవా?" అని మామ ఎగతాళి చేసేవాడు.

"నిన్ను కుట్టుకుంట రాలేదా ఇన్నేండ్లు? రేకెంత!"

అమ్రాబాద్ నుంచి దిగి వస్తుంటే ఒకసారి నీళ్ల డ్రమ్ము పగిలి, లోపలంతా నీళ్లయ్యాయి. ప్లాస్టిక్ డ్రమ్ము, పక్కన జానెడు పగులు. నేను కొత్తది కొందామన్నాను. అత్త నన్ను ఒక చూపు చూసి పొయ్యి వెలిగించింది. ఇనుప తీగ ఎర్రగా కాల్చి, పగులుకు అటూ ఇటూ చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, సన్న తీగతో పరుపు అంచు కుట్టినట్టే కుట్టేసింది. కుట్టు మీద ప్లాస్టిక్ ముక్క కరిగించి, కాల్చిన చెంచా వెనక భాగంతో ఇస్త్రీ చేసినట్టు రుద్దింది. నీళ్లు పోసి చూసింది. ఒక్క చుక్క కారలేదు. "చినిగిందంటే మనం వాడినమని లెక్క. వాడనివి చినగవు" అన్నది తీగ చుట్టుకుంటూ.

వానకు బస్సు పైకప్పు కురిసినప్పుడు ఆమె ఇంకో మాట చెప్పింది. నీళ్లు పడుతున్న చోట నేను తారు గుడ్డ అతికించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆడ చిల్లు ఉండదు బిడ్డ. నీళ్లు నడిచొస్తయి. యాడ బయలెల్లినయో చూడాలె గని, యాడ కారినయో చూస్తే ఏం ఫాయిదా?" నిజంగానే చిల్లు అక్కడికి రెండు మూరల అవతల, దీపం కొక్కెం దగ్గర దొరికింది. మనుషుల విషయంలో కూడా ఆమెకు ఈ మాటే ప్రమాణం. ఎవరైనా అకారణంగా కసురుకుంటే "ఈడ కారింది గని చిల్లు ఈడ లేదు" అని నవ్వి ఊరుకునేది.

పరుపు పనిలో ఆమెకొక ఆచారం ఉండేది. ఎంత కొత్త దూది తెచ్చి ఇచ్చినా, ఇంట్లో పాత పరుపు దూది ఒక పిడికెడు కలపనిదే కుట్టేది కాదు. "అలవాటైన దూది ఉండాలె. లేకుంటే కొత్త పరుపు మీద మనిషి పరాయోడయితడు" అనేది. కోడేరులో ఒక రైతు ఇంటి ఆమె, పరుపు బేరం తెగక, అత్తను దెప్పిపొడిచింది.

"అందరికి పరుపులు కుట్టి ఇస్తవు గని, నీకు పండుకునేతందుకు ఒక ఇల్లు లేకపాయె గద ఇమాంబీ!"

నా ముఖం మాడిపోయింది. అత్త సూదిలో దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఇల్లు లేకేందక్కా? నా ఇల్లే నీ ఇంటికి వచ్చింది. నీ ఇల్లు ఎన్నడన్న నన్ను చూసేతందుకు వచ్చిందా?"

ఆమె పకపకా నవ్వి, బేరం మరిచిపోయి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ బస్సు గడప మీద పక్కపక్కన కూర్చుని తాగారు.

మధ్యాహ్నాలు మామ ఏకుతుంటే, అత్త కుడుతుంటే, నేను దూది మూటకు ఆనుకుని చదువుకునేదాన్ని. ఆమెకు అక్షరాలు రావు. "నీలోపల నువ్వే నవ్వుకుంటున్నవు, గట్ల ఒంటరిగ తింటరా ఎవరన్న? పైకి చదువు" అనేది. నలుగురిలో నోరు విప్పని నేను ఆ ఇద్దరి కోసం పైకి చదివేదాన్ని. కథలో ఎవరైనా పోతే ఆమె సూది ఆగేది. "ఆగు. కొంచెం వెనక్కిపో. వాడు బతికున్నకాడ మల్లొకసారి చదువు" అనేది.

పని అయ్యాక ఆమె అసలు పని మొదలయ్యేది. మామ పడక. చలిలో మందం బొంత, ఉక్కలో పలుచటి దుప్పటి, ఆయన తల వైపు కిటికీ ఎప్పుడూ తెరిచి. ఆయన కళ్లు మూసి, ఊపిరి నెమ్మదించే దాకా ఆమె సూది కింద పెట్టేది కాదు. ఏదో ఒకటి అతుకుతూ కూర్చునేది. ఆయన నిద్రపోయాడని తేల్చుకున్నాకే ఒరిగేది. "పరుపు కుట్టుడు మన చేతుల ఉంది, నిద్ర అల్లా చేతుల ఉంది" అని ఒకసారి నాతో గుసగుసగా అన్నది. అన్నాక తన చేతుల వైపు చాలాసేపు చూసుకుంది.

పోయిన ఏడాది ఆమెకు హఠాత్తుగా బండి నడపడం నేర్చుకోవాలని పట్టింది. అందరం నవ్వాం. మా నాయన "అక్క విమానం గూడ నడుపుతది" అన్నాడు. మామ అయితే కస్సుమన్నాడు.

"ఈ వయసుల నీకు లైసెన్సు ఎవడిస్తడే?"

"నేనేమన్న హైద్రాబాద్ పోతనా? పసుల సంతల ఎవలు అడుగుతరు లైసెన్సు?"

సంత లేని ఒక రోజు సాయంకాలం, పెబ్బేరు సంత మైదానం ఖాళీగా ఉన్నప్పుడు, ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. మామ పక్క సీట్లో. నేనూ అమ్మా పశువుల కట్టుకొయ్య ఒకదాని దగ్గర నిలబడి చూస్తున్నాం. బండి రెండుసార్లు ఎగిరి ఆగింది, మూడోసారి కదిలింది. తరువాత ఇక ఆగలేదు. మెల్లగా, నత్త నడకలా, మైదానం చుట్టూ తిరుగుతూనే ఉంది. పొద్దు వాలింది. పశువుల పేడ మీద దుమ్ము లేస్తోంది. అమ్మకు భయం వేసింది.

"వదినే! బ్రేకు తొక్కు! ఎడమ కాలు కాదే, కుడి కాలు!"

అత్త కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, నోరు మూసుకోమన్నట్టు ఊపింది. ఇంకో చుట్టు పోయింది. ఇంకోటి. బండి ఆపడం తెలియక తిరుగుతోందని మేము కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. ఇంటికి వచ్చి నాయనకు చెప్పి మళ్లీ నవ్వాం. "ఇమాంబీ బ్రేకు" అని మా ఇంట్లో ఒక హాస్యం పుట్టింది. ఆమె కూడా మాతోపాటే నవ్వింది. కానీ ఎందుకు ఆపలేదో మాత్రం చెప్పలేదు.

దవాఖాన నుంచి ఆమెను సొంత ఊరికి తీసుకుపోవడానికి వేరే బండి మాట్లాడబోతే మామ ఒప్పుకోలేదు. "ఆమె ఇంట్లనే తీసుకపోత" అన్నాడు. బస్సులో, ఆమె తన చేత్తో కుట్టిన పరుపు మీద, ఆమెను పండుకోబెట్టాం. అయిజ వైపు దారి పొడుగునా మామే నడిపాడు. వెనక నుంచి ఒక్క గిన్నె మోగలేదు. అంత నిశ్శబ్దంగా ఆ రోడ్డు మీద ఎవరూ పోయి ఉండరు. ఆమె కోరుకున్నట్టే మస్తాన్ పక్కన ఆమెకు చోటు దొరికింది. పిడికెడు మట్టి వేసేటప్పుడు మామ ఆ మట్టిని నలిపి, తడి ఉందేమోనని చూశాడు.

తిరిగి వనపర్తికి వచ్చేటప్పుడు బస్సు మా నాయన నడిపాడు. అమ్మ వెనక దూది మూటల మీద సొమ్మసిల్లినట్టు పడి ఉంది. మామ పక్క సీట్లో, నేను ఇద్దరి మధ్య ఇంజను మూత మీద. ఆయన కళ్లు ఎర్రగా, తెరిచే ఉన్నాయి.

"మామా, జర కండ్లు మూసుకో. నాయన నడుపుతుండు గద" అన్నాను.

ఆయన రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "నడిచే బస్సులనే నాకు నిద్రొస్తది బిడ్డా. అది చూసే ఆమె ఈ బండి కొనిపిచ్చింది. కొన్నంక నడపాల్సింది ఎవలు? నేనే గద. ఆగిన బండిల నాకు నిద్ర యాడిది?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మరి ఇన్నేండ్లు..."

"పగటిపూట దూది మూట మీద ఒరిగినప్పుడు ఇంత కునుకు పడ్తుండె. పండుకునే యాళ్లకు మాత్రం ఉత్తగ కండ్లు మూసుకునేటోణ్ణి. నేను మూసుకుంటేనే ఆమె సూది కింద పెట్టేది. లేకుంటే తెల్లారేదాంక కూసునేది పిచ్చిది. ఆమెకేం తెల్వదనుకున్న. తెలిసింది. ఎప్పుడు తెలిసిందో ఏమో. బండి నేర్చుకుంటనన్నది గందుకే. ఆ దినం పెబ్బేరు సంతల నాకు నిద్ర పట్టింది బిడ్డా. మంచి నిద్ర. మెలకువ వచ్చేవరకు పొద్దు మునిగింది. ఆమె ఇంకా తిప్పుతనే ఉంది."

మేము నవ్విన ఆ చుట్లన్నీ నా కళ్ల ముందు ఒక్కసారిగా తిరిగాయి. ఆమెకు బ్రేకు తెలుసు.

"మరి మల్ల ఎందుకు నడపనియ్యలే మామా?"

"భుజం నొస్తుందన్నది మరునాడు. నేనే వద్దన్న. నాకు నిద్రపట్టిందని ఆమెకు చెప్పలే, నేను నిద్రపోయింది చూసిననని ఆమె నాకు చెప్పలే. గట్లనే నడిచింది."

ఆయన మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. బస్సు నడుస్తూనే ఉంది. ఆయన నడపవలసిన పని లేదు. కిటికీ తెరిచే ఉంది. అయినా ఆ కళ్లు మూతపడలేదు.

అప్పుడే వెనక ఎక్కడో చిన్న చప్పుడు మొదలైంది. కిటికీ అద్దమో, గిన్నో, గడియో. టిక్ టిక్ మని, ఆగి ఆగి. ఆ బండిలో నేను ఏనాడూ వినని చప్పుడు. నేను లేచి, అత్త మూటలోంచి పిడికెడు దూది తీసుకుని, ఒక్కొక్క కిటికీ దగ్గర చెవి పెట్టాను. గిన్నెలు తడిమాను. డ్రమ్ము మీద చెయ్యి వేశాను. గడప కూడా ఒత్తి చూశాను. చప్పుడు వినిపించిన చోట ఏమీ లేదు. ఎక్కడ బయలుదేరిందో నాకు తెలియదు. అది తెలిసిన మనిషిని మట్టిలో పెట్టి వస్తున్నాం.

"దొరకదు, రా బిడ్డ, కూసో" అన్నాడు మామ.

ఇప్పుడు ఆ బస్సు మా ఇంటి ముందు ఉంది. మామ అందులోనే ఉంటున్నాడు. గోడలున్న ఇంట్లోకి రమ్మని మేము అడగడం మానేశాం. మీ ఇళ్లల్లో ఇమాంబీ అత్త కుట్టిన పరుపు ఉంటే, అది ఎప్పుడైనా విప్పవలసి వస్తే, పాత దూది ఒక పిడికెడు దాచి కొత్తదానిలో కలపండి. ఇంతమందికి నిద్రను కుట్టి ఇచ్చిన ఆ చేతులకు మనం పెట్టగల నమస్కారం అంతకంటే లేదు. ఆ చేతులు మళ్లీ రావు. నేను పిడికెడు దూది పట్టుకుని సాయంత్రం పూట బస్సు ఎక్కుతున్నాను. నాయన బండిని వీధి చివరిదాకా తిప్పుతాడు, మామ పక్క సీట్లో కళ్లు తెరుచుకుని కూర్చుంటాడు, నేను వెనక చెవి పెట్టి వింటాను. ఆ చప్పుడు ఇంకా వస్తూనే ఉంది.